పాత భాగాలతో గేమింగ్ పీసీ: బెంగళూరులో తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

నెలకు ఒకరిద్దరైనా నన్ను వెంటబెట్టుకుని కంప్యూటర్ భాగాల దుకాణాలుండే ఎస్పీ రోడ్డుకు బయలుదేరుతారు. మారతహళ్ళి పీజీల్లో ఉండే అబ్బాయిలు, కొత్తగా ఉద్యోగంలో చేరినవారు, పరీక్షలకు ముందు కొడుక్కి మాట ఇచ్చి ఇరుక్కున్న తండ్రులు. మెట్రోలో కూర్చోగానే మొదలయ్యే ప్రశ్నలు దాదాపు ఇవే.

పాత భాగాలు కొనడం అసలు తెలివైన పనేనా?

ఏ భాగం అన్నదాన్ని బట్టి ఉంటుంది. ప్రాసెసర్, ర్యామ్ పాతవి కొనడానికి నేను వెనుకాడను. మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు కళ్ళ ముందు నడిపించి చూపిస్తేనే కొంటాను. భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె ఎస్‌ఎంపీఎస్ ఊరికే ఇచ్చినా వద్దంటాను.

ఇంట్లోనే ఒక లెక్క వేసుకుని రండి. ఈ వస్తువు కొంటే దీని కోసం ఇంకేమేమి కొనాల్సి వస్తుంది? చవకగా దొరికిన ప్రాసెసర్ కోసం దొరకని బోర్డు వెతకాలి. ఆ బోర్డు కోసం ఇంకెక్కడా పనికిరాని ర్యామ్ కొనాలి. రెండేళ్ళ తర్వాత అమ్ముదామంటే అడిగేవారు ఉండరు. నాతో వచ్చినవారిలో నష్టపోయిన ప్రతి ఒక్కరూ వస్తువు ధర చూశారే తప్ప దాని వెనకాల వచ్చే ఈ ఖర్చును చూడలేదు.

ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, లైట్ల క్యాబినెట్ అన్నీ కలిపి చాలా తక్కువకు ఇస్తామంటున్నారు. తీసుకోవాలా?

ఏ తరం ఐ7 అని అడిగారా? మనం అడిగితే తప్ప చెప్పరు. అడిగితే ఎక్కువసార్లు వచ్చే జవాబు "నాలుగో తరం సార్, ఐ7 కదా, అదిరిపోతుంది" అని.

ఐ7-4770 వచ్చింది 2013లో. నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు), డీడీఆర్3 ర్యామ్. 2022 మొదట్లో వచ్చిన ఐ3-12100లో కూడా సరిగ్గా నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లే ఉంటాయి. అయినా ఒక్కొక్క కోరు చేసే పనిలో ఆ ఐ7 ఈ ఐ3 దరిదాపుల్లోకి రాదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

వేగం సంగతి పక్కన పెడదాం. ఆ ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌కు పెద్ద కంపెనీలు బోర్డులు చేయడం మానేసి చాలా కాలమైంది. బోర్డు పోతే మళ్ళీ ఎక్కడో ఊడదీసిన పాతదో, ఊరూ పేరూ లేని చైనా బోర్డో వెతుక్కోవాలి. విండోస్ 11కు అధికారికంగా చోటు లేదు. డీడీఆర్3 ర్యామ్ రేపు మీరు కొనే ఏ కొత్త బోర్డులోనూ పట్టదు. అంటే ఈ సెట్‌లో మరో యంత్రానికి తీసుకెళ్ళగలిగేది క్యాబినెట్, ఉంటే ఎస్‌ఎస్‌డీ (డేటా దాచే డిస్క్) మాత్రమే. ఆ లైట్ల క్యాబినెట్ ఎందుకు పెట్టారో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

రెండో, మూడో తరాల వాటిని ముట్టుకోనే వద్దు. ఏవీఎక్స్2 అనే ఆదేశాల సమూహం ఇంటెల్‌లో నాలుగో తరంతోనే మొదలైంది. అది లేకపోతే తెరుచుకోనే తెరుచుకోని ఆటలు ఇప్పుడు ఉన్నాయి.

నాలుగో తరం యంత్రం ఇంట్లో ఇప్పటికే ఉందంటే అది వేరే సంగతి. పాత ఆటలు ఆడుకోండి, దుమ్ము దులపండి, కొత్తగా డబ్బు మాత్రం పెట్టకండి.

మరి ఎంత పాతది వరకు పరవాలేదు?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారిక జాబితా ఇంటెల్‌లో ఎనిమిదో తరంతో, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్‌తో మొదలవుతుంది. ఇందులోనూ ఒక మెలిక ఉంది. రైజెన్ 3 2200జీ, రైజెన్ 5 2400జీ పేరుకు 2000 సిరీస్‌వే అయినా లోపల ఉన్నది మొదటి తరం కోరు కాబట్టి జాబితాలో లేవు. అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించవచ్చు, నిజమే. కానీ వాలరెంట్ ఆట ఆడేవారికి ఆ దారి కలిసిరాకపోవచ్చు. దాని వ్యాన్‌గార్డ్ రక్షణ వ్యవస్థ విండోస్ 11లో టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ ఉండాలని పట్టుబడుతుంది.

నా గీత ఇంకొంచెం పైన ఉంటుంది: రైజెన్ 3000 లేదా ఇంటెల్ పదో తరం. రెండింటిలో ఏది అంటే కళ్ళు మూసుకుని రైజెన్‌ల ఏఎమ్4 సాకెట్ అంటాను. 2017లో మొదటి రైజెన్‌లతో జనంలోకి వచ్చిన ఈ సాకెట్‌కు ఏఎండీ 2024లో కూడా కొత్త ప్రాసెసర్లు విడుదల చేసింది. ఈ రోజు పాత బీ450 బోర్డు, రైజెన్ 5 3600 కొన్నారనుకోండి. ఏడాది తర్వాత చేతిలో డబ్బు ఆడినప్పుడు అదే బోర్డులో 5600 గానీ, దొరికితే 5700ఎక్స్3డీ గానీ పెట్టుకోవచ్చు. ర్యామ్ మారదు, బోర్డు మారదు. పాత ప్రాసెసర్ తీయకముందే బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్ బయాస్‌ను అప్‌డేట్ చేసుకోండి. తీసేశాక చేద్దామంటే చాలా బోర్డుల్లో కుదరదు.

పాత ప్రాసెసర్‌లో ఏమి చూడాలి?

ఏఎమ్4 ప్రాసెసర్ అడుగున 1331 సన్నని కాళ్ళుంటాయి. ఫోను టార్చి పక్కవాటుగా పట్టి, ప్రాసెసర్‌ను కంటి ఎత్తుకు తెచ్చి వరుసల వెంట చూడండి. కాళ్ళన్నీ నిలువుగా ఉంటే వరుసల మధ్య సందులు తిన్నగా, దువ్వెన పళ్ళలా కనిపిస్తాయి. ఒక కాలు వంగినా ఆ సందు అక్కడ మూసుకుపోతుంది. ఇంటెల్‌లో కాళ్ళు బోర్డు సాకెట్‌లో ఉంటాయి కాబట్టి ఆ పరీక్ష బోర్డుకు చేయాలి. ఇది తప్ప ప్రాసెసర్‌కు పెద్దగా జబ్బులు రావు.

ఒక్క మినహాయింపు ఉంది. ఇంటెల్ 13, 14 తరాల్లోని ఐ7, ఐ9లు, కొన్ని ఐ5లు. ఎక్కువ వోల్టేజీ వల్ల అవి క్రమంగా దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెల్ ఒప్పుకుని, మైక్రోకోడ్ సవరణ ఇచ్చి, వారంటీని రెండేళ్ళు పెంచింది. జరిగిపోయిన నష్టాన్ని ఆ సవరణ బాగుచేయలేదు. పాత యజమాని దాన్ని ఎలా వాడాడో మనకు తెలియదు కాబట్టి నేను వాటి జోలికి పోను.

పాత ర్యామ్ కొనవచ్చా?

కొనవచ్చు. ఇప్పుడైతే కొనక తప్పని పరిస్థితి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. మైక్రాన్ సంస్థ క్రూషల్ పేరుతో మామూలు కొనుగోలుదారులకు చేసే అమ్మకాల నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. డీడీఆర్5 తప్ప వేరే ర్యామ్ పట్టని ఏఎండీ కొత్త సాకెట్ ఏఎమ్5 కన్నా పాత ఏఎమ్4, డీడీఆర్4 జోడీ వైపు నేను మొగ్గడానికి ఇదొక పెద్ద కారణం. అయితే అమ్మేవారూ వార్తలు చదువుతున్నారు. బేరం అంత తేలిక కాదు.

16 జీబీది ఒకటి కాకుండా 8 జీబీవి రెండు తీసుకోండి. ఇంటికి వెళ్ళగానే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడపండి. ఒక్క తప్పు చూపించినా తిరిగి ఇచ్చేయాలి. "ఒకటే కదా సార్" అంటారు, వినకండి.

గ్రాఫిక్స్ కార్డుల్లో ఏ పాతది తీసుకోవాలి?

జీటీఎక్స్ 1060, 1080 టీఐ అంటే ఇప్పటికీ మనసు లాగుతుంది, నాకూ లాగుతుంది. 2017లో 1080 టీఐ రాజు. 11 జీబీ మెమరీ ఇప్పటికీ తక్కువేమీ కాదు. కానీ 900, 1000 సిరీస్ జీటీఎక్స్ కార్డులకు గేమ్ రెడీ డ్రైవర్లను (కొత్త ఆటలకు కార్డును సిద్ధం చేసే సాఫ్ట్‌వేర్‌ను) ఎన్‌విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది. 2028 అక్టోబరు వరకు మూడు నెలలకోసారి భద్రతా అప్‌డేట్లు మాత్రం ఇస్తుంది. కార్డు రేపే ఆగిపోదు, అయితే కొత్త ఆటలో తెర మినుకుమంటే బాగుచేసే నాథుడు ఉండడు.

ఆటలో వెలుగునీడలను కిరణం కిరణంగా లెక్కకట్టే రే ట్రేసింగ్ సంగతీ ఉంది. కొన్నేళ్ళ క్రితం అది సోకు. 2025 మేలో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ ఆ హార్డ్‌వేర్ లేనిదే నడవదు. కనీస కార్డులుగా ఆర్‌టీఎక్స్ 2060 సూపర్, ఆర్‌ఎక్స్ 6600లను పేర్కొంటుంది. అంటే 1080 టీఐకి లోపలికి ప్రవేశమే లేదు, దానికన్నా చిన్న కార్డుకు ఉంది.

అందుకే నేను చెప్పే మూడు పేర్లు ఇవి: 132 వాట్లతో సరిపెట్టుకునే ఆర్‌ఎక్స్ 6600, 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060, ఇంకా తక్కువలో కావాలంటే 2060 సూపర్. 3060లో 8 జీబీది కూడా ఉంది, దాని మెమరీ దారి ఇరుకు, అది వద్దు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కూడా వద్దు. 4 జీబీ మెమరీ, బోర్డుతో డేటా ఇచ్చిపుచ్చుకునే దారులు (లేన్లు) నాలుగే కావడంతో బీ450 లాంటి పాత బోర్డులో ఇంకా నీరసిస్తుంది. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ తప్ప ఏమీ ఆడనంటే జీటీఎక్స్ 1650 చాలు, మిగిలిన డబ్బు మంచి మానిటర్ మీద పెట్టండి.

మైనింగ్‌లో వాడిన కార్డా అని ఎలా తెలుస్తుంది?

చాలాసార్లు తెలియదు. క్రిప్టో కరెన్సీ ఎథీరియం, కార్డులతో లెక్కలు చేయించి నాణేలు సంపాదించే మైనింగ్ పద్ధతిని 2022 సెప్టెంబరు 15న వదిలేశాక అలాంటి కార్డులు గుట్టలుగా మార్కెట్లోకి వచ్చాయి. వాటిలో ఇంకా బతికి ఉన్నవాటి గురించి నాకు పెద్ద భయం లేదు. ఫ్యాన్లు అరిగి ఉంటాయి, థర్మల్ ప్యాడ్లు ఎండి ఉంటాయి, రెండూ మార్చుకోవచ్చు. నాకు భయం చిప్‌ను వేడిచేసి మళ్ళీ అతికించిన కార్డులతోనే. పైకి మేడిపండు. వారం పది రోజులు చక్కగా నడిచి, దుకాణం ఇచ్చిన టెస్టింగ్ వారంటీ ముగిసిన మర్నాడు కన్ను మూస్తుంది.

దుకాణంలో కార్డును ఎలా పరీక్షించాలి?

మా బాబాయి కొడుకుతో 2023లో ఒక ఆర్‌ఎక్స్ 580 చూడటానికి వెళ్ళాను. దుకాణం అంటే మెట్ల కింద ఆరడుగుల చోటు. అట్టపెట్టె మీద మదర్‌బోర్డు, స్విచ్చు బదులు స్క్రూడ్రైవర్ కొనతో రెండు పిన్నులు తాకిస్తే యంత్రం లేచింది. ముందు కార్డు వివరాలు చూపించే జీపీయూ-జడ్ తెరిచాము. 580 అంటే 2304 షేడర్లు (లోపల లెక్కలు చేసే చిన్న భాగాలు) చూపించాలి, 2048 చూపిస్తే అది 580 చొక్కా వేసుకున్న 570. లెక్క సరిపోయింది. తర్వాత కార్డుకు పూర్తి పని పెట్టి వేడెక్కించే ఫర్‌మార్క్ పెట్టాము. కుర్రాడు రెండు నిమిషాలకే "చూశారుగా సార్, బాగుంది" అని ఆపబోయాడు. ఇరవై నిమిషాలు ఉండనీయమన్నాను. పదకొండో నిమిషంలో తెర కుడివైపు ఆవగింజలంత ఆకుపచ్చ చుక్కలు లేచాయి. "కేబుల్ వదులు" అని కేబుల్ మార్చాడు. వేడెక్కగానే చుక్కలు మళ్ళీ అక్కడే లేచాయి. ఎవరూ ఏమీ మాట్లాడుకోలేదు, లేచి వచ్చేశాము.

ఆ ఇరవై నిమిషాలు మొహమాటపడకుండా అడగండి. అది ఒప్పుకోని చోట కొనకండి. యంత్రం వేడిగా ఉండగానే ఆపించి వెంటనే మళ్ళీ ఆన్ చేయించండి, అతుకు కార్డులు కొన్ని ఇక్కడే దొరికిపోతాయి. వెనకవైపు స్క్రూ తలలు గీసుకుపోయి ఉన్నాయా, బోర్డు ఒక మూల గోధుమ రంగుకు తిరిగిందా, హెచ్‌డీఎమ్‌ఐ, డిస్‌ప్లే పోర్టులన్నీ బొమ్మ ఇస్తున్నాయా చూడండి. ఫ్యాన్‌ను వేలితో తిప్పితే గరగర వినిపించకూడదు.

కార్డు మీది స్టిక్కర్‌ను మాత్రం నమ్మకండి. బయాస్ మార్చి పాత చిన్న కార్డును పెద్ద కార్డుగా చూపించే మోసం ఏళ్ళుగా ఉంది. అలాంటివాటి పేరు పక్కన నకిలీ అని జీపీయూ-జడ్ తనే చూపిస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్‌ను మీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్ళండి, దుకాణంలో ఉన్న కాపీ వద్దు.

ఎస్‌ఎంపీఎస్ పాతది ఎందుకు వద్దు?

లోపలి కెపాసిటర్లు వాడకంతో, వేడితో ఆరిపోతాయి. అది పైనుంచి కనిపించదు, దుకాణంలో పది నిమిషాల్లో తేలదు. పోయేటప్పుడు అది ఒంటరిగా పోకపోవచ్చు. హిందూపురం మిత్రుడొకరు ఇరవై వేల కార్డు కొని, ఎనిమిది వందలకు 500 వాట్ల లేబుల్ ఉన్న పాత ఎస్‌ఎంపీఎస్ తెచ్చాడు. చేతిలోకి తీసుకుంటే ఖాళీ టిఫిన్ డబ్బాలా ఉంది. నెల తిరక్కుండా ఒక సాయంత్రం టప్‌మంది, బోర్డునూ వెంట తీసుకుపోయింది. కార్డు ఎలాగో బతికింది. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటం అంటే ఇదే. 550 వాట్ల, 80 ప్లస్ బ్రాంజ్ ధ్రువీకరణ ఉన్న కొత్తది, బిల్లుతో కొనండి.

కంపెనీలు వదిలించుకున్న ఆఫీసు కంప్యూటర్లకు కార్డు తగిలిస్తే సరిపోదా?

ఐటీ కంపెనీలు లీజు తీరాక వదిలేసే డెల్ ఆప్టిప్లెక్స్‌లు, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్‌లు, లెనోవో థింక్‌సెంటర్‌లు బెంగళూరులో దొరికినంత తేలికగా మరోచోట దొరకవేమో. ఎనిమిదో తరం లేదా ఆ పైది, టవర్ ఆకారంలో ఉన్నది దొరికితే నిజంగానే మంచి బేరం. విండోస్ లైసెన్సు బోర్డుతోనే వస్తుంది, అది అదనపు లాభం.

చిక్కులు లోపల ఉంటాయి. చిన్న క్యాబినెట్ రకంలో ఎస్‌ఎంపీఎస్ దాదాపు 200 వాట్లే ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డుకు వేరే తీగ ఉండదు. చాలా మోడళ్ళలో బోర్డుకు వెళ్ళే కనెక్టర్ ఆ కంపెనీ సొంతం కాబట్టి బయటి ఎస్‌ఎంపీఎస్ నేరుగా పెట్టలేరు. కార్డు స్లాట్ ఇచ్చే 75 వాట్లతోనే బతకాలి, చిన్న క్యాబినెట్ అయితే పొట్టి కార్డే పట్టాలి. అలాంటివి కొన్నే ఉన్నాయి. 70 వాట్ల 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 వాటిలో మేలైనది. కొనేముందు బయాస్‌లోకి వెళ్ళి చూపించమనండి. పాత కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ ఇంకా ఉంటే ఆ పెట్టెను అక్కడే వదిలేయండి.

పాత ఎస్‌ఎస్‌డీ, హార్డ్ డిస్క్?

హార్డ్ డిస్క్ వద్దు. ఎస్‌ఎస్‌డీ అయితే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ఆరోగ్య శాతం, ఇప్పటిదాకా రాసిన డేటా చూసి నిర్ణయించండి. ధరలో పెద్ద తేడా లేకపోతే కొత్తదే కొనండి.

ధర ఎంత ఉంటే సరైన బేరం?

నా కొలత ఒకటుంది. అదే స్థాయి కొత్త వస్తువు 18 శాతం జీఎస్టీ బిల్లుతో, వారంటీతో ఎంతకు వస్తుందో ముందు చూస్తాను. పాతది అందులో 60 శాతం దాటితే వద్దు. అసలు బిల్లు ఉండి, వారంటీ ఏడాదైనా మిగిలి ఉంటే 70 దాకా వెళతాను. వారంటీ బిల్లును బట్టి లెక్కిస్తారా, సీరియల్ నంబరును బట్టా అన్నది కంపెనీ కంపెనీకి మారుతుంది కాబట్టి ఆ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో అక్కడే సరిచూడండి. దుకాణం ఇచ్చే టెస్టింగ్ వారంటీ ఎన్ని రోజులో, ఏ తేదీ నుంచో కాగితం మీద రాయించి ముద్ర వేయించండి. నోటిమాటకు విలువ లేదు.

ఎస్పీ రోడ్డు మేలా, ఆన్‌లైన్‌లో వ్యక్తుల దగ్గర కొనడం మేలా?

ఉద్యోగం మారి ఊరు విడిచి వెళ్ళేవారి ఇంట్లో, నడుస్తున్న యంత్రం ముందు కూర్చుని కొన్నవే నాకు దొరికిన మంచి బేరాలు. అడ్వాన్సు అడిగితే వద్దనండి. మీకు డబ్బు పంపుతాము, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి అంటే ఫోను పెట్టేయండి. డబ్బు అందుకోవడానికి స్కాన్ చేయాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు.

ఎస్పీ రోడ్డుకైతే కేఆర్ మార్కెట్ మెట్రోలో దిగి నడవండి, కారు తీసుకెళ్ళకండి. ఆదివారం చాలా షట్టర్లు దించి ఉంటాయి. తెలుగు వచ్చినవారు చాలామందే ఉన్నారు. అయినా ముందు రెండు ముక్కలు కన్నడంలో పలకరిస్తే ధర చెప్పే గొంతు మారుతుంది.

కరెంటు బిల్లు పెరుగుతుందా?

ఆడేటప్పుడు 300 వాట్లు, రోజుకు మూడు గంటలు అనుకుంటే నెలకు 27 యూనిట్లు. కర్ణాటక ప్రభుత్వం ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకంలో ఉన్నవారు గమనించాల్సిందొకటి ఉంది. నెల వాడకం 200 యూనిట్లు దాటితే బిల్లు మొత్తం కట్టాలి. గీత దగ్గర్లో ఉన్న ఇంట్లో ఈ 27 యూనిట్లే కొంప ముంచవచ్చు.

పండక్కి ఊరికి తీసుకెళ్ళవచ్చా?

తీసుకెళ్ళవచ్చు, కానీ గ్రాఫిక్స్ కార్డును బిగించి ఉంచి కాదు. కిలో బరువు స్లాట్‌కు వేలాడుతుంటే కర్నూలు దాకా బస్సు కుదుపులకు స్లాట్ విరుగుతుంది. కార్డు విప్పి, దానితో వచ్చిన కవరులో పెట్టి, బట్టల మధ్య చేతి సంచిలో ఉంచుకోండి. క్యాబినెట్‌ను మదర్‌బోర్డు కిందికి ఉండేలా పడుకోబెట్టండి. ఊరు చేరాక కార్డు బిగించి పవర్ తీగ కూడా పెట్టండి. అది మర్చిపోయి, కార్డు చచ్చిపోయిందని అర్ధరాత్రి నాకు ఫోను చేసినవారు ఇప్పటికి ముగ్గురు.